ఆర్‌వీ ప్రయాణంలో బండి ఆగిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

కారు ఆగిపోతే తాళం వేసి, వేరే బండి పట్టుకుని వెళ్లిపోవచ్చు. ఆర్‌వీ (రిక్రియేషనల్ వెహికల్) అంటే లోపలే పడుకుని, వండుకునే ఏర్పాట్లున్న బండి, అది ఆగితే ఇల్లే ఆగిపోయినట్టు. పడక, వంటగది, నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండరు, నిద్రపోతున్న పిల్లలు, అంతా కలిపి రోడ్డు పక్కన నిలబడిపోతారు. పైగా బరువెక్కువ, ఎత్తెక్కువ. సాయానికి వచ్చే బండి కూడా పెద్దదే రావాలి. సొంత ఇంజిన్ ఉన్న మోటార్‌హోమ్‌లకూ, వేరే బండితో లాగే ట్రైలర్లకూ కలిపి ఈ జవాబులు రాశాను. తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

నడుస్తుండగా ఏదో తేడాగా అనిపించింది. వెంటనే ఆపాలా, నెమ్మదిగా ముందుకు వెళ్లొచ్చా?

డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగితే ఆపాలి. అది ఆయిల్ ప్రెషర్ లైటు అయితే అసలు ఆలోచించకండి. ఆయిల్ అందకుండా ఇంజిన్ కాసేపు తిరిగినా లోపలి బేరింగులు అరిగిపోతాయి, ఖర్చు రిపేరుతో ఆగదు, ఇంజినే మార్చాల్సి రావచ్చు. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి చేరినా, బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతున్నా, కాలిన వాసన వచ్చినా ఇదే మాట.

పసుపు రంగు చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే లాగుతుంటే వర్క్‌షాప్ దాకా నడపవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం సిలిండర్లలో ఇంధనం సరిగా మండటం లేదని అర్థం. మండకుండా మిగిలింది పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది, దాన్ని పాడుచేస్తుంది. యాక్సిలరేటర్ తగ్గించి, మంచి చోటు చూసి ఆపండి.

మంచి చోటు అంటే వెడల్పుగా, గట్టిగా, చదునుగా ఉండి వెనక నుంచి వచ్చేవాళ్లకు దూరం నుంచే కనిపించేది. పంక్చర్ అయిన చక్రం మీద నడిపితే రిమ్ పోతుందని భయపడి కొందరు మలుపులోనే ఆపేస్తారు. రిమ్ పోతే పోనివ్వండి. ఇంకో మాట, ఎండుగడ్డి మీద ఆపకండి. కాలుతున్న సైలెన్సర్ గొట్టం తగిలి గడ్డి అంటుకుంటుంది, బండి కింద మంట మొదలైనా లోపల ఉన్నవాళ్లకు తెలియదు.

ఆపాక మొట్టమొదట ఏం చేయాలి?

హజార్డ్ లైట్లు వేయండి, పార్కింగ్ బ్రేక్ వేయండి. తర్వాత బానెట్ జోలికి వెళ్లకుండా ముందు మనుషులను దించండి. వాహనాలు పోయే వైపు తలుపు తీయకుండా, అవతలి వైపు నుంచే అందరూ దిగాలి. పెంపుడు జంతువులకు పట్టీ కట్టాకే తలుపు తెరవండి. రోడ్డు పక్కన ఇనుప కంచె ఉంటే దాటి అవతల, బండికి కాస్త దూరంగా నిలబడండి. మెరిసే జాకెట్ ఉంటే వేసుకోండి.

రిఫ్లెక్టర్ త్రిభుజాలు ఉంటే ఒకటి బండి దగ్గర, ఒకటి సుమారు 30 మీటర్ల వెనక, ఇంకొకటి 60 మీటర్ల వెనక పెట్టండి. మలుపు గానీ ఎక్కుడు గానీ అడ్డుంటే అవి మలుపుకు ముందే కనబడేలా పెట్టాలి. నడిచేటప్పుడు త్రిభుజాన్ని వచ్చే బండ్ల వైపు తిప్పి చేత్తో పట్టుకోండి. వేగంగా బండ్లు పోయే దారుల్లో ఇది ప్రమాదం, బ్రిటన్ లాంటి చోట్ల మోటార్‌వే మీద త్రిభుజం పెట్టవద్దనే నియమం ఉంది. అలాంటి చోట లైట్లు వేసి మనుషులు దూరంగా వెళ్లడమే మేలు.

బయట వాన పడుతోంది. లోపల కూర్చుంటే ఏమవుతుంది? మన ఇల్లే కదా.

బండి రోడ్డు అంచున, పక్క నుంచి వాహనాలు దూసుకుపోయే చోట ఉంటే కూర్చోవద్దు. ఆర్‌వీ గోడలు ఎక్కువగా పలుచని ఫైబర్, చెక్క, అల్యూమినియం. వెనక నుంచి లారీ గుద్దితే అవి తట్టుకోవు. పూర్తిగా రోడ్డు దిగి పార్కింగ్‌లోనో, ఖాళీ స్థలంలోనో ఆగితే హాయిగా లోపల ఉండండి.

ఎవరికి ఫోన్ చేయాలి?

ఇక్కడే చాలామంది సగం రోజు పోగొట్టుకుంటారు. ఆర్‌వీ నిజానికి ఇద్దరు తయారీదారుల బండి. కింద చాసిస్ (అడుగు చట్రం), ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు ఒకరివి. ఫియట్ డుకాటో, మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్ లాంటివి చాలా ఆర్‌వీల కింద ఉండేవే. పైన ఇల్లు కట్టింది ఇంకొకరు. గేర్ పడటం లేదని ఆర్‌వీ డీలర్‌కు ఫోన్ చేస్తే వాళ్లు చేయగలిగేది తక్కువ. ఆ చాసిస్ కంపెనీ వ్యాన్లనూ ట్రక్కులనూ చూసే సర్వీస్ సెంటర్‌కు చేయాలి. మీ బండి ఎత్తు చెప్పి, షెడ్డులోకి పడుతుందో లేదో ముందే అడగండి. ఫ్రిజ్, నీళ్ల పంపు, స్లైడ్ (బండి నిలిపాక గోడతో సహా బయటికి జరిగే గది భాగం), హీటర్ లాంటి ఇంటి భాగం పాడైతే ఆర్‌వీ టెక్నీషియన్ కావాలి. వాళ్లలో చాలామంది మీరున్న చోటికే వస్తారు.

అద్దె బండి అయితే ముందు అద్దె కంపెనీకే చెప్పండి. వాళ్ల అనుమతి లేకుండా చేయించిన రిపేరు డబ్బు తిరిగి రాకపోవచ్చు.

ఫోన్‌లో వాళ్లు అడిగేవన్నీ ఆ టెన్షన్‌లో గుర్తుకు రావు. ఏం చేయాలి?

ఒక కార్డు మీద రాసి డ్రైవర్ సీటు పక్క అరలో అంటించండి. బండి పొడవు, ఎత్తు, సామానుతో కలిపి బరువు, ఇంజిన్ ముందుందా వెనకుందా, ఏ చక్రాలకు పవర్ వెళ్తుంది, పెట్రోలా డీజిలా, టైరు సైజు, చాసిస్ నంబరు, ఇన్సూరెన్స్ నంబరు. ఎత్తును బ్రోచర్‌లో చూసి రాయకండి, పైన ఏసీ, యాంటెనా కలిపి టేపుతో కొలవండి. వీటికి తోడు ఫోన్‌లోని మ్యాప్ చూపే అక్షాంశ రేఖాంశాలు, దగ్గర్లోని కిలోమీటరు రాయి నంబరు, మీరు ఏ దిక్కుకు వెళ్తున్నారో చెప్పండి. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డులో దిక్కు చెప్పకపోతే టోయింగ్ బండి అవతలి వైపుకు వచ్చి, మళ్లీ చాలా దూరం తిరిగి రావాల్సి వస్తుంది.

తాళం తిప్పితే టక్‌టక్ మంటోంది, స్టార్ట్ కావడం లేదు.

బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. మోటార్‌హోమ్‌లో రెండు రకాల బ్యాటరీలు ఉంటాయి. ఇంజిన్‌ది ఒకటి, ఇంటి లైట్లకూ పంపుకూ వేరొకటి. ఇంట్లో లైట్లు బాగా వెలుగుతున్నాయంటే ఇంజిన్ బ్యాటరీ బాగున్నట్టు కాదు. చాలా బండ్లలో డాష్‌బోర్డు మీద బూస్ట్ అనో, ఆక్స్ స్టార్ట్ అనో ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే ఇంటి బ్యాటరీ ఇంజిన్‌కు తోడవుతుంది. కొత్తగా బండి కొన్నవాళ్లలో ఎంతమందికి ఆ స్విచ్ సంగతి తెలియదో! ఈ రోజే వెతికి పెట్టుకోండి.

చిన్న మల్టీమీటర్ ఉంటే కొలవండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు, 12.1 దగ్గరుంటే సుమారు సగం. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే తుడిచి, బిగించి మళ్లీ ప్రయత్నించండి. స్టార్ట్ అయ్యాక ఇంకోసారి కొలిస్తే చాలా బండ్లలో 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. 12.5 దగ్గరే ఉండిపోతే ఆల్టర్నేటర్ చార్జి చేయడం లేదు, అప్పుడు వర్క్‌షాప్ చేరేదాకా ఇంజిన్ ఆపకండి.

వేరే బండి నుంచి కేబుల్ వేస్తే వరుస ముఖ్యం. ఎర్రది ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస దిగిపోయిన బండి ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉండవచ్చు కాబట్టి ఆఖరి నిప్పురవ్వ దానికి దూరంగా పడాలి.

ఘాట్‌లో ఇంజిన్ వేడెక్కిపోయింది.

ముల్లు పైకి ఎక్కడం చూడగానే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టండి. ఉక్కపోసినా భరించండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే ఆపి ఇంజిన్ ఆర్పేయండి.

వేడి మీద రేడియేటర్ మూత తీయవద్దని అందరూ చెబుతారు. ఎందుకో తెలిస్తే ఆ తప్పు ఎప్పటికీ చేయరు. నీళ్లూ కూలెంటూ సగం సగం కలిపిన ద్రవం, 15 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మూత కింద ఒత్తిడిలో ఉన్నప్పుడు సుమారు 129 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. అంటే లోపల 115 డిగ్రీల ద్రవం నిశ్చలంగా ఉండొచ్చు. మూత తీయగానే ఒత్తిడి పోయి అదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదకు చిమ్ముతుంది. పెద్ద ఇంజిన్లు చల్లారడానికి గంట పైనే పడుతుంది. పై గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాకే, మందపాటి గుడ్డ వేసి మూతను కొంచెం కొంచెంగా తిప్పండి.

ఈలోగా ఫ్యాన్ బెల్ట్ తెగిందా, గొట్టం ఎక్కడైనా కారుతోందా చూడండి. ఇంజిన్ వెనక ఉండే పెద్ద డీజిల్ మోటార్‌హోమ్‌లలో రేడియేటర్ కూడా వెనకే ఉంటుంది, చక్రాలు లేపిన దుమ్మంతా దానికే పట్టుకుంటుంది. చూడటానికి శుభ్రంగా ఉన్నా లోపలి వైపు మట్టి గట్టిపడి ఉండొచ్చు. కూలెంట్ తగ్గితే మామూలు నీళ్లు పోసి వర్క్‌షాప్ దాకా వెళ్లొచ్చు. మీ ఇంటి ట్యాంకులో ఆ నీళ్లు ఎలాగూ ఉన్నాయి. కానీ వేడి ఇంజిన్‌లో చల్లని నీళ్లు పోస్తే లోహం పగిలే ప్రమాదం ఉంది, చల్లారాకే పోయండి.

వేగంలో ఉండగా ముందు టైరు పేలితే?

బ్రేక్ తొక్కకండి. భయంతో కాలు దానంతటదే బ్రేక్ మీదకు పోతుంది, అందుకే ఇంటి దగ్గరే మనసులో పదిసార్లు ఊహించుకోండి. పేలిన టైరు బండిని తన వైపు లాగుతుంది. బ్రేక్ వేస్తే బరువు ముందుకు వచ్చి ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదలకుండా ఒక క్షణం అలాగే ఉంచి, బండి నిటారుగా పోతోందని తేలాకే మెల్లగా కాలు తీయండి. దానంతటది నెమ్మదించాక పక్కకు దించండి.

టైరు కొత్తదానిలా ఉంది, గాడులు కూడా అరగలేదు. ఎందుకు పేలింది?

ఆర్‌వీ టైర్లు ఎక్కువగా అరిగిపోయి చనిపోవు, వయసు మీద పడి పోతాయి. నెలల తరబడి ఒకేచోట ఎండలో నిలబడితే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్టు. అయిదేళ్లు దాటాక ఏటా చూపించండి, పదేళ్లు దాటితే ఎంత బాగా కనిపించినా మార్చేయండి. నా మటుకు నేను ఏడో ఏట మార్చేస్తాను, ఎక్కువ దూరాలు తిరిగే ఎవరికైనా అదే చెబుతాను.

రెండో కారణం గాలి తక్కువ, బరువు ఎక్కువ. గాలి తక్కువైన టైరు ప్రతి తిప్పుకూ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. వెనక జంట చక్రాలుంటే లోపలి టైరు సంగతి ఎవరూ పట్టించుకోరు. అందులో గాలి పోయినా బయటి టైరు మోసేస్తుంది, ఆ బరువుకు రెండోది కూడా పోతుంది.

స్టెప్నీ నేనే మార్చుకోవచ్చా?

చిన్న ట్రైలర్‌కైతే చదునైన చోట, సరైన జాకీ ఉంటే మార్చుకోవచ్చు. పెద్ద మోటార్‌హోమ్‌కు వద్దు. చాలావాటిలో స్టెప్నీయే ఉండదు. బండిని మట్టసంగా నిలబెట్టే లెవెలింగ్ జాకీలు చక్రం మార్చడానికి కాదు, వాటి మీద లేపి కింద దూరితే బండి మీద పడవచ్చు. ఎవరు మార్చినా నట్లను 80 నుంచి 160 కిలోమీటర్ల లోపు మళ్లీ ఒకసారి టార్క్ పానాతో (బిగింపు ఎంతో కొలిచే పానా) బిగించండి. కొత్తగా బిగించిన నట్లు కాస్త సర్దుకుని వదులవుతాయి.

ట్రైలర్ వెనక పాములా ఊగుతోంది.

యాక్సిలరేటర్ వదలండి, స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి, ట్రైలర్ బ్రేక్‌కు విడిగా లివర్ ఉంటే దాన్ని మాత్రమే మెల్లగా నొక్కండి. ముందు బండి బ్రేక్ తొక్కినా, స్టీరింగ్‌తో సర్దబోయినా ఊపు పెరుగుతుంది. ఆగాక సామాను చూసుకోండి. అమెరికా తరహా ట్రైలర్లలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు బండికి తగిలించే కొక్కెం మీద పడాలని లెక్క. వెనక బరువెక్కువైతే ఎంత మంచి డ్రైవరైనా చేయగలిగింది తక్కువ.

దిగుడులో బ్రేకులు పట్టడం లేదు.

ముందు చిన్న గేర్‌లోకి దిగండి, ఇంజిన్‌తోనే ఆపే ప్రయత్నం చేయండి, ఎస్కేప్ ర్యాంప్ (బ్రేకులు పోయిన బండ్లు ఆగడానికి రోడ్డు పక్కన చేసిన దారి) ఉంటే మొహమాటం లేకుండా అందులోకి పోనివ్వండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే పైపులో బుడగలు చేరి పెడల్ కాలి కింద ఖాళీగా దిగుతుంది. అందుకే రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించడం దండగ ఖర్చు కాదు.

గాలి బ్రేకులున్న మోటార్‌హోమ్ కదలనంటోంది.

గాలి ఒత్తిడి ఎంతుందో చూడండి. 60 పీఎస్‌ఐ దగ్గర హెచ్చరిక మోగుతుంది, ఇంకా పడిపోతే స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. అది భద్రత కోసం చేసిన ఏర్పాటు. కింద దూరి వదులు చేయబోకండి, ఆ స్ప్రింగు ప్రాణం తీయగలదు.

డీజిల్ బదులు పెట్రోల్ పోశారు. లేదా డీఈఎఫ్ అయిపోయింది.

తప్పు ఇంధనం పడిందని బంకులోనే తెలిస్తే తాళం కూడా తిప్పకండి, కొన్ని బండ్లలో తాళం తిప్పగానే పంపు పని మొదలుపెడుతుంది. ట్యాంకు ఖాళీ చేయించాలి. ఆడ్‌బ్లూ అని కూడా పిలిచే డీఈఎఫ్, డీజిల్ పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే, 32.5 శాతం యూరియా కలిపిన నీళ్లు. అది అయిపోతే ఇంజిన్ వేగం తగ్గించుకుంటుంది, లేదా ఆపాక మళ్లీ స్టార్ట్ కానివ్వదు. దాన్ని పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే పంపూ ఇంజెక్టర్లూ పాడవుతాయి, అందుకే మూత రంగు చూసి పోయండి.

స్లైడ్ లోపలికి రావడం లేదు. ఇలాగే నడిపేయొచ్చా?

నడపకూడదు. ముందు చిన్న కారణాలు చూడండి. పార్కింగ్ బ్రేక్ వేసి ఉందా, బ్యాటరీ తగినంత ఉందా, ఫ్యూజ్ పోయిందా. ఫ్యూజ్ మార్చేటప్పుడు అదే ఆంపియర్ది వేయండి, పెద్దది వేస్తే వైరు కాలుతుంది. ఇవేవీ కాకపోతే చేత్తో తిప్పే ఏర్పాటు చాలా స్లైడ్లకు ఉంటుంది. దాని హ్యాండిల్ ఎక్కడ పెట్టాలో, ఎటు తిప్పాలో ప్రయాణానికి ముందు ఒకసారి తిప్పి చూడండి. చీకట్లో, వానలో మాన్యువల్ వెతకడం కన్నా అది ఎంతో నయం.

గ్యాస్ వాసన వస్తోంది.

స్విచ్చులు వేయవద్దు, ఆపవద్దు. అందరూ బయటికి రండి, బయటి నుంచి సిలిండర్ వాల్వ్ మూసేయండి, దూరంగా వెళ్లాకే ఫోన్ చేయండి. ప్రొపేన్ గాలికన్నా బరువు, నేల దగ్గరే పేరుకుంటుంది, కాబట్టి పై కిటికీ తెరిచాం కదా అని లోపల ఉండకండి. మంట కనిపిస్తే కూడా మనుషులే ముందు. ఆర్‌వీ నిమిషాల్లో అంటుకుంటుంది. పడకగది దగ్గరి అత్యవసర కిటికీని పిల్లలు కూడా తెరవగలరో లేదో ఆడించి చూడండి.

టోయింగ్ బండి వాళ్లకు ఏం చెప్పాలి? మేం ఆర్‌వీలోనే కూర్చుని రావచ్చా?

లాగుతున్న ఆర్‌వీలో మనుషులు ఉండకూడదు. టోయింగ్‌కు వచ్చే కారు లిఫ్టు బండి పెద్ద ఆర్‌వీని మోయలేదు, హెవీ రెకర్ (లారీలను లాగే పెద్ద టోయింగ్ బండి) కావాలని ఫోన్‌లోనే స్పష్టంగా చెప్పండి. వెనక చక్రాలకు పవర్ వెళ్లే బండిని ముందు నుంచి ఎత్తి లాగేటప్పుడు గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి, లేకపోతే ఇంజిన్ ఆగి ఉన్నా గేర్‌బాక్స్ ఆయిల్ లేకుండా తిరిగి పాడైపోతుంది. ఆ షాఫ్ట్ విప్పారా అని మీరే అడగండి, అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. ఎత్తకముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కార్డు తీసుకునేటప్పుడే మీ బండి బరువూ పొడవూ అందులో ఉన్నాయా, ట్రైలర్‌కు వర్తిస్తుందా, ఎంత దూరం లాగుతారు అని చూడాలి. కారు కోసం తీసుకున్న కార్డు చాలాసార్లు ఆర్‌వీకి చెల్లదు.

రాత్రి అక్కడే గడపాల్సి వచ్చింది. ఫ్రిజ్‌లోని ఆహారం, జనరేటర్?

ఫ్రిజ్ తలుపు తీయకపోతే సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటల వరకు. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ అయితే బండి ఒరిగి ఉన్నప్పుడు ఆపేయండి, మట్టసంగా లేకపోతే దాని లోపలి పైపులు పాడవుతాయి. జనరేటర్ నడిపితే పొగ ఎటు పోతోందో చూడండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. డిటెక్టర్ పని చేస్తోందని బటన్ నొక్కి చూశాకే పడుకోండి, అది మోగితే నిద్రమత్తులో ఆపేసి పడుకోకుండా అందరినీ బయటికి తీసుకెళ్లండి.

బండిలో ఏ సామాన్లు పెట్టుకోవాలి?

మల్టీమీటర్, జంపర్ కేబుళ్లు, రకరకాల ఫ్యూజులు, టైరు గాలి కొలిచే గేజ్, టార్క్ పానా, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, మీ బండి సైజు బెల్టు, తలకు కట్టుకునే టార్చి, తాగే నీళ్లు. బెల్టు వేయడం మీకు రాకపోయినా సరే పెట్టుకోండి. వచ్చిన మెకానిక్‌కు వేయడం వస్తుంది, కానీ మీ బండి సైజు అతని దగ్గర ఉండదు.

వర్క్‌షాప్‌లో వారం పడుతుందంటున్నారు. అక్కడే బండిలో ఉండొచ్చా?

బండి ఇచ్చే ముందే అడగండి. రాత్రిపూట తమ ఆవరణలో నిలుపుకోనిచ్చి, కరెంటు ప్లగ్ ఇచ్చే వర్క్‌షాపులు చాలానే ఉన్నాయి. పగలు పని జరిగేటప్పుడు మాత్రం దిగిపోవాలి. మందులు, పాస్‌పోర్టులు, చార్జర్లు, పిల్లల బట్టలు ఒక సంచిలో విడిగా సర్దుకుని చేతిలో ఉంచుకోండి. ఒకసారి బండిని లిఫ్ట్ మీదకు ఎక్కించాక సాయంత్రం దాకా లోపలికి వెళ్లడం కుదరదు.